విజయవాడ నుంచి ఎదురుమొండి దీవులకు: ఒక రోజు ప్రయాణానికి సూచనలు

విజయవాడలో దీవి అనగానే భవానీ ద్వీపమే గుర్తుకు వస్తుంది. అయితే వన్యప్రాణులనూ, వాటి పక్కనే బతుకుతున్న మనుషులనూ ఒకే రోజులో చూడాలనుకునేవారు కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి, నాగాయలంక దిగువన ఉన్న ఎదురుమొండి దీవులకు వెళ్లాలి.

ప్రయాణపు రోజును సెలవును బట్టి కాక తిథిని బట్టి నిర్ణయించుకోవడం మేలు. అమావాస్య, పౌర్ణమి దినాల్లో సముద్రపు పోటు ఎక్కువగా వచ్చి, పాటు వేళకు (పోటు వెనక్కి తగ్గే వేళకు) నీరు బాగా తీస్తుంది కనుక బురద నేలలు విశాలంగా బయటపడతాయి. ఆ నేలల మీదనే కొంగలు, ఉల్లంకులు మేతకు దిగుతాయి, బురదపై గెంతే చేపలు, ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉండే మగ పీతలు కనిపిస్తాయి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ వస్తుంది కాబట్టి, ముందురోజే అక్కడి పడవవారిని అడిగి తెలుసుకోవాలి. వలస పక్షుల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో తెల్లవారకముందే బస్సెక్కి అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరాలి. మడ అడవిలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి; కృష్ణా అభయారణ్యం దాదాపు 195 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం. స్థానిక మత్స్యకారుల పడవనే మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఏ పాయలో ఎప్పుడు నీరు తగ్గి పడవ అడుగు నేలకు తగులుకుంటుందో వారికే తెలుసు.

ఈ మడ అడవుల్లో ఉండే బావురుపిల్లిని (ఫిషింగ్ క్యాట్‌ను) చూసి తీరాలన్న పట్టుదల వద్దు. అది రాత్రివేళ చేపలను వేటాడే జీవి. పగటిపూట పాయల అంచున దాని పాదముద్రలు దొరికితే చాలు, వాటిని తొక్కకుండా ఫొటో తీసి అటవీ సిబ్బందికి చూపాలి. మడ చెట్ల శ్వాస వేర్ల మీద నడవకూడదు, అవి విరిగితే చెట్టుకు గాలి అందదు. అలల ఉధృతిని తగ్గించేది ఈ చెట్లే. 1977 నవంబరు 19 ఉప్పెన వేలమందిని బలిగొన్న ఈ దివిసీమ ప్రాంతంలో ఈ మాటకు ఎంత బరువుందో వేరే చెప్పనక్కరలేదు.

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి ఒక్కొక్కటి 100 దాకా గుడ్లు పెడతాయి. సంరక్షణ కేంద్రాల్లో పొదిగిన పిల్లలను సముద్రంలోకి వదలడం చూడాలనుకుంటే ముందురోజు రాత్రి అవనిగడ్డలో బస చేయాలి. తీరంలో టార్చి, ఫ్లాష్ వాడరాదు. వెలుతురుకు పిల్లలు దారి తప్పుతాయి.

మధ్యాహ్నం ఏటిమొగ రేవులో పంటు (మనుషులను, వాహనాలను దాటించే పెద్ద పడవ) ఎక్కి ఎదురుమొండికి దాటాలి. దీవివాసులకు ఆ పంటే రహదారి. మోటారు సైకిళ్లతో సహా అందరూ దాని మీదే దాటుతారు. దిగగానే తిరుగు పంటు ఆఖరి వేళను అడిగి ఉంచుకోవాలి, రద్దీగా ఉంటే ఆసుపత్రికి వెళ్లేవారిని ముందు ఎక్కనిచ్చి తరువాతి దానికి ఆగాలి.