కారు రంగుపై పక్షి రెట్టలు: ముందు నానబెట్టాలి, తరువాతే తుడవాలి

వేసవిలో తిరుపతిలో కారు నిలపడానికి చెట్టు నీడ దొరకడమే గొప్ప. అయితే కాకులు, గోరింకలు, పావురాలు కూడా ఆ నీడనే వెతుక్కుంటాయి కనుక, రావిచెట్టు కిందనో వేపచెట్టు కిందనో రాత్రి వదిలిన కారు బానెట్, రూఫ్, డిక్కీ తెల్లవారేసరికి రెట్టలతో నిండి ఉంటాయి. రోజూ నడిపే కారైతే ఉదయమే కంటపడుతుంది. కారును అలిపిరి దగ్గర వదిలి, నడకదారిలోనో బస్సులోనో కొండెక్కి, దర్శనం ముగించుకుని మరునాడో ఆ మరునాడో దిగివచ్చేవారి సంగతి వేరు. వారు వచ్చేలోపల ఆ రెట్ట ఒకటి రెండు మధ్యాహ్నాల ఎండలో కాలి ఉంటుంది. హాని జరిగేది అప్పుడే.

పక్షులు మూత్రాన్ని వేరుగా విసర్జించవు. వాటి శరీరంలోని నైట్రోజన్ వ్యర్థం యూరిక్ ఆమ్లం రూపంలో, తెల్లటి ముద్దగా, మలంతో కలిసి బయటపడుతుంది. కారు రంగుకు అన్నిటికంటే పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చిన కార్లలో దీని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే సన్నం. ఆమ్లం ఈ పొరను తినేస్తుందని అందరూ అంటారు. అది నిజమే గాని, ఎండ పాత్ర అంతకు తక్కువేమీ కాదు. ఎండకు రేకు కాలినప్పుడు క్లియర్ కోట్ కొద్దిగా మెత్తబడి వ్యాకోచిస్తుంది. అదే సమయంలో దానిపై ఉన్న రెట్ట ఎండి, ముడుచుకుని, గట్టిపడుతుంది. సాయంత్రం రేకు చల్లబడగానే, మెత్తబడిన పొర ఆ గట్టి రెట్ట ఆకారానికి అనుగుణంగా బిగుసుకుంటుంది. కడిగిన తరువాత కూడా కనిపించే మసక మచ్చ చాలావరకు ఈ అచ్చే. అందువల్ల మే నెలలో ఒక్క మధ్యాహ్నంలో జరిగే హాని డిసెంబరులో రెండు మూడు రోజులకు కూడా జరగకపోవచ్చు. నలుపు, ముదురు నీలం వంటి రంగులు వేడిని ఎక్కువగా పీల్చుకుంటాయి కనుక ఆ కార్లు ఉన్నవారు మరింత తొందరపడాలి.

తొందర అంటే జేబురుమాలు తీసి అక్కడికక్కడే తుడిచేయడం కాదు. పక్షులు తిండి అరగడానికి మింగే సన్నటి ఇసుక రేణువులు, పండ్ల గింజల పెంకులు రెట్టలో ఉంటాయి. పొడిగుడ్డతో ఒక్కసారి రుద్దినా అవి క్లియర్ కోట్‌పై గీతలు గీస్తాయి. రెట్ట వల్ల పడిన మచ్చ అరచేయంత ఉంటే, తుడవడం వల్ల పడిన గీతలు మూరెడు పొడవున కనిపించే కార్లను పార్కింగ్ స్థలాల్లో ఎన్నో చూడవచ్చు.

కారును ముందుగా నీడలోకి మార్చి, రేకు చేతికి చల్లగా తగిలేవరకు ఆగాలి. ఆ తరువాత మైక్రోఫైబర్ గుడ్డనో, నాలుగు మడతలు వేసిన టిష్యూ కాగితాన్నో నీటితో బాగా తడిపి రెట్టపై పరచి, ఐదు నుంచి పది నిమిషాలు అలాగే వదిలేయాలి. మధ్యలో గుడ్డ ఆరుతుంటే మళ్ళీ నీళ్ళు చిలకరించాలి. సున్నంలా తెల్లగా ఉన్న అంచులు బూడిద రంగులోకి తిరిగి, రేకును వదిలి కొద్దిగా పైకి లేచినట్లు కనిపిస్తే నానినట్లే. అప్పుడు గుడ్డను అటూ ఇటూ జరపకుండా, రెట్టను దానిలోకి పట్టుకున్నట్లుగా నిటారుగా పైకెత్తాలి. ఇంకా మిగిలితే గుడ్డలో శుభ్రంగా ఉన్న మరో మడతతో ఇదే పని మళ్ళీ చేయాలి గాని గోటితో గీకకూడదు. పూర్తిగా వదిలిన తరువాత కారు షాంపూ కలిపిన నీటితో ఆ భాగాన్ని కడిగి, పొడిగా ఒత్తాలి. ఎండిన రెట్ట పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక, తడపకుండా దులపడం ఆ విధంగానూ తప్పే. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అద్దంపై పడినదానికీ ఇదే పద్ధతి. దానిపై వైపర్ తిప్పితే అద్దం, రబ్బరు రెండూ పాడవుతాయి.

నీటి విషయంలో ఒక మాట. మన వైపు చాలా బోర్లలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి. అవి రేకుపై ఆరిపోతే రెట్ట మచ్చ పోయినా తెల్లటి నీటి చుక్కల మచ్చలు మిగులుతాయి. ఇంట్లో ఏసీ గొట్టం నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు. ఆ నీటిని ఒక సీసాలో పట్టి, గుడ్డతో పాటు డిక్కీలో ఉంచుకుంటే ఈ పనికి చాలు.

గిన్నెలు తోమే సబ్బు రంగుకు రక్షణగా ఇదివరకు పూసిన వ్యాక్స్‌ను తీసేస్తుంది. టూత్‌పేస్టు మచ్చను పోగొట్టినట్లు కనిపించేది అందులోని అరగదీసే పొడి వల్ల. ఆ పొడి రంగు కోసం తయారైనది కాదు. థిన్నర్, పెట్రోలు, వెనిగర్ జోలికి అసలు పోవద్దు.

కడిగి ఆరబెట్టిన తరువాత ట్యూబ్‌లైటు ప్రతిబింబం రేకుపై పడేలా పక్కవాటంగా చూడాలి. ఆ వెలుగు గీత ఎక్కడా చెదరకపోతే సమస్య లేదు. ఊదారంగు మరక మాత్రమే ఉండి మెరుపు చెడకపోతే అది నేరేడు పళ్ళు తిన్న పక్షుల పని, లేదా గబ్బిలాల పని. జూన్, జూలైలలో ఇది మామూలే. ఒకటి రెండు సార్లు కడిగి చూడకుండా దానికి పాలిష్ పట్టనవసరం లేదు. ప్రతిబింబం వంకరపోయి, మచ్చ అంచు ఉంగరంలా కనిపిస్తే క్లియర్ కోట్ ముడుచుకుందని అర్థం.

ముడుత కొత్తదైతే మొదట వేడిని ప్రయత్నించాలి. హెయిర్ డ్రయ్యర్‌ను ఒకేచోట నిలపకుండా ఆడిస్తూ, చేయి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి మాత్రమే తగిలేలా చూస్తే, ముడుచుకున్న పొర కొంత సర్దుకుని మచ్చ తగ్గే అవకాశం ఉంది. దీనివల్ల పొర ఏమాత్రం అరగదు కనుక ముందు దీన్నే చేసి చూడమంటాను. అప్పటికీ మిగిలితే సన్నరకం పాలిష్‌ను స్పాంజిపై కొద్దిగా తీసుకుని, మచ్చకంటే కాస్త ఎక్కువ మేర, తేలికగా రుద్ది, తుడిచి, మళ్ళీ ట్యూబ్‌లైటు కింద చూడాలి. గరుకైన రబ్బింగ్ కాంపౌండ్‌తో మొదలుపెట్టడం పొరపాటు. ప్రతి పాలిష్‌కూ క్లియర్ కోట్ కొంత అరుగుతుంది, అరిగినది తిరిగి రాదు. కాబట్టి పూర్తిగా పోని మచ్చను, మూడడుగుల దూరం నుంచి కనిపించకపోతే, అలాగే వదిలేయడమే మేలు. గుడ్డకు కారు రంగే అంటుతుంటే వెంటనే ఆపాలి: క్లియర్ కోట్ లేని పాతరకం రంగైనా అయి ఉండాలి, పైపొర పూర్తిగా అరిగైనా ఉండాలి.

మిషన్ పాలిష్ అవసరమైతే, పని మొదలుపెట్టే ముందు రంగు మందాన్ని మీటరుతో కొలిచే డీటెయిలింగ్ షాపుకే (కారును శుభ్రం చేసి మెరుగుపెట్టే షాపుకే) ఇవ్వండి. నిమిషంలో మెరిపిస్తామని బఫింగ్ మిషన్ ఆన్ చేసేవారి పనితనం మరుసటి రోజు ఎండలో సుడులు సుడులుగా బయటపడుతుంది. పొర పగిలి, పెచ్చులుగా లేస్తుంటే పాలిష్ వల్ల ప్రయోజనం లేదు. ఆ ప్యానెల్‌కు పెయింటింగ్ చేయించాల్సిందే. మెరుపు లేని మాట్ రంగు కార్లకు ఏ పాలిషూ వాడకూడదు.

రక్షణగా వ్యాక్స్‌గాని సీలెంట్‌గాని పూస్తే రెట్ట సులభంగా వదులుతుంది, మనకు కొంత వ్యవధి దొరుకుతుంది. సిరామిక్ కోటింగ్ చేయించినా ఎండలో రోజుల తరబడి వదిలేస్తే మచ్చ పడుతుంది. ఖర్చు పెట్టామన్న ధీమాతో కడగడం మానేసేవారే ఎక్కువగా నష్టపోతారు. రంగుపై అతికించే పారదర్శకమైన పీపీఎఫ్ ఫిల్మ్ ఇంకా గట్టి రక్షణే గాని ఖరీదు చాలా ఎక్కువ.

కొండకు వెళ్ళి ఒకటి రెండు రోజులు కారు వదలాల్సి వస్తే, చెట్టు కింద కంటే ఆరుబయట కవరు కప్పి నిలపడం మంచిది. కప్పేముందు కారుపై దుమ్మును కడిగేయాలి, లేకపోతే గాలికి కవరు కదిలి అదే గీతలు పెడుతుంది. నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్ళేవారు చెట్లకు మరింత ఎడంగా ఆపాలి. చేపలు తినే గూడబాతుల రెట్ట కాకి రెట్టలా చిన్న మచ్చతో పోదు. కవరుపై పడిన రెట్టను కూడా తడిపి తీసేసి, ఆరబెట్టిన తరువాతే మడవాలి.