‘రెండు గంటల గాజు’ అంటే ఏ రెండు గంటలు? వాణిజ్య భవనానికి అగ్ని నిరోధక గాజు ఎంచుకోవడం ఎలా

కొటేషన్‌లో సాధారణంగా ఒకే పంక్తి ఉంటుంది: ‘ఫైర్ గ్లాస్, 2 గంటలు, చదరపు అడుగుకు ఇంత’. యజమాని చూపు నేరుగా ధర మీదికి పోతుంది, బేరం మొదలవుతుంది. ఆ రెండు గంటల పాటు గాజు చేసే పని ఏమిటో ఎవరూ అడగరు. మంటను మాత్రమే ఆపుతుందా, వేడిని కూడా ఆపుతుందా? ఏ ఫ్రేములో పెడితే ఆపుతుంది? ఎంత పెద్ద పలక వరకు? ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబులు రాబట్టడమే గాజు ఎంపిక. మిగిలినదంతా రంగు, మెరుపు.

1. ముందు ప్లాను మీద గీత గీయండి

గాజు కంపెనీకి ఫోను చేసే ముందు అంతస్తు ప్లానును ప్రింటు తీసి, ఎర్ర పెన్ను పట్టుకోండి. మంట అంటుకుంటే జనం ఏ దారిన బయటపడతారు? ఆ దారిని మిగతా అంతస్తు నుంచి వేరుచేసే గోడలు ఏవి? వాటి మీద గీయండి. మెట్లదారి చుట్టూ ఉన్న గోడ, లిఫ్టు లాబీ, కరెంటు తీగలు వెళ్లే షాఫ్టు, సెల్లారు నుంచి పైకి వచ్చే మెట్లు, పక్కవాళ్ల హద్దుకు దగ్గరగా ఉన్న బయటి గోడ తప్పకుండా గీతలోకి వస్తాయి. ఆ గీత మీద పడిన గాజుకే ఈ కష్టమంతా. రెండు క్యాబిన్ల మధ్య పార్టిషన్‌కు సాధారణంగా టఫెన్డ్ గాజో (వేడి చేసి గట్టిపరిచినది), లామినేటెడ్ గాజో (మధ్యలో ప్లాస్టిక్ పొర అతికించినది) సరిపోతుంది. అక్కడ డబ్బు పోయనక్కర్లేదు.

మెట్లదారినే ఎందుకు ముందు చెప్పానంటే, సికింద్రాబాద్ దాన్ని మనకు రెండుసార్లు చూపించింది. 2022 సెప్టెంబరు 12న రూబీ లాడ్జిలో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము దగ్గర మొదలైన మంట తాలూకు పొగ మెట్ల వెంట పై గదులకు ఎక్కి 8 మందిని బలి తీసుకుంది. ఆరు నెలలకే, 2023 మార్చి 16న, స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు పొగకు ఊపిరాడక చనిపోయారు. వాటిలో గాజుది తప్పని నేను అనడం లేదు. దిగే దారిని పొగ పట్టేస్తే పైవాళ్ల గతి ఏమిటో చెబుతున్నాను. అందుకే ఆ దారికీ అంతస్తుకూ మధ్య గాజు పెట్టాలనుకున్నప్పుడు అది గోడ చేసే పని మొత్తం చేయాలి.

ఇక్కడే ఒక మాట. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ రెండు గంటల మంటను సునాయాసంగా తట్టుకుంటుంది. మెట్లదారికి పూర్తి గాజు గోడ నిజంగా అవసరమా అని ఆర్కిటెక్టును ఒకసారి అడగండి. చాలాచోట్ల ఇటుక గోడ, దానిలో ఒక తలుపు, తలుపులో అవతలి మనిషి కనిపించేంత చిన్న అద్దం సరిపోతాయి.

2. ఎన్ని నిమిషాలో రాతలో తీసుకోండి

మన దేశంలో దీనికి ఆధారం జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016, అందులో అగ్ని భద్రత గురించిన నాలుగో భాగం. అందరూ ఎన్‌బీసీ అంటారు. అది స్వతహాగా నమూనా నియమావళి మాత్రమే, రాష్ట్రాల భవన నిబంధనలు, అగ్నిమాపక శాఖల అనుమతులు దాన్ని అమలులోకి తెస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో 15 మీటర్లు, అంతకు మించిన వాణిజ్య భవనాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. ప్లాను దశలో ఒకసారి, కట్టడం పూర్తయ్యాక తనిఖీ చేసి మరోసారి ఇస్తారు. రెండోసారి వచ్చినప్పుడు ‘ఈ గాజు కాగితాలేవి?’ అని అడిగితే, అప్పుడు వెతుక్కోవడం నరకం.

ఎత్తైన భవనాల్లో మెట్లదారి గోడకూ తలుపుకూ సాధారణంగా 120 నిమిషాలు అడుగుతారు. మిగతా చోట్ల భవనం వాడకాన్ని, ఎత్తును, స్ప్రింక్లర్లు (మంట వేడికి వాటంతట అవే నీళ్లు చిమ్మే గొట్టాలు) ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. కాబట్టి ప్లాను మీద మీరు గీసిన ప్రతి గీత పక్కన ఫైర్ కన్సల్టెంటు చేత నిమిషాలు రాయించి, సంతకం పెట్టించుకోండి. నోటిమాట మీద ఆర్డరు ఇవ్వవద్దు.

3. ఈ (E), ఈడబ్ల్యూ (EW), ఈఐ (EI): అసలు కీలకం ఇక్కడుంది

పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే ఈ అక్షరాలు వాటంతట అవే అర్థమవుతాయి. ఫ్రేముతో సహా గాజును నిలువెత్తు కొలిమి నోటికి బిగిస్తారు. లోపల మంట పెడితే ప్రామాణిక రేఖ ప్రకారం వేడి పెరుగుతూ పోతుంది: అరగంటకు 842 డిగ్రీలు, గంటకు 945, రెండు గంటలకు 1049 సెల్సియస్. బయట నిలబడిన వాళ్లు గాజు ముఖాన్ని గమనిస్తుంటారు. పగుళ్లు కనిపించిన చోట దూది మెత్తను దగ్గరగా పెడతారు, అది అంటుకుంటే గాజు ఓడినట్టే. ఫ్రేముకూ గాజుకూ మధ్య సందు పడితే 6 మిల్లీమీటర్ల, 25 మిల్లీమీటర్ల కడ్డీలతో కొలుస్తారు.

మంట, వేడి వాయువులు ఇవతలికి రాకుండా ఆపినంతసేపూ అది ‘ఈ’. ఈ 120 అంటే 120 నిమిషాలు అలా నిలిచిందని అర్థం. ఇవతలి ముఖం ఎంత వేడెక్కిందన్న లెక్క ఇందులో లేదు. గాజు పగలకుండా నిలబడి, ఎర్రటి పొయ్యిలా వేడిని చిమ్ముతున్నా ‘ఈ’లో పాసే.

‘ఈడబ్ల్యూ’లో ఆ చిమ్మే వేడికి హద్దు ఉంది. మీటరు దూరంలో కొలిస్తే చదరపు మీటరుకు 15 కిలోవాట్లు దాటకూడదు. ఇది వినడానికి బాగానే ఉంటుంది. కానీ రోళ్లు పగిలే రోహిణి కార్తె మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు దాదాపు ఒక కిలోవాట్. దానికి పదిహేను రెట్లు ఒంటిమీద పడుతుంటే ఆ గాజు పక్కనుంచి ఎవరు నడిచి వెళ్లగలరు?

‘ఈఐ’ అంటే మంటతో పాటు వేడినీ ఆపేది. ఇవతలి ముఖం మీద వేడి పెరుగుదల సగటున 140 డిగ్రీలు, ఏ ఒక్క చోటా 180 డిగ్రీలు మించకూడదు. అయినా చేత్తో తాకలేరు. కానీ పక్కనుంచి దిగి వెళ్లవచ్చు, దానికి దగ్గరలోని తెరలు, కాగితాలు అంటుకోవు. మనుషులు బయటపడే దారిలో ఉన్న గాజుకు నేనైతే ఈఐ తప్ప మరొకటి ఒప్పుకోను. మనుషులు నిలబడని, మండే వస్తువులు లేని చోట ఈ, ఈడబ్ల్యూ పరవాలేదు, అదీ కన్సల్టెంటు ఒప్పుకుంటేనే.

కొటేషన్‌లో ‘2 గంటలు’ అని ఉంటే వెనక్కి పంపి ‘ఈ 120నా, ఈఐ 120నా?’ అని రాసి అడగండి. ధరల మధ్య పెద్ద తేడా సాధారణంగా ఇక్కడే బయటపడుతుంది. ఒక్కోసారి మధ్యేమార్గంగా ‘ఈ 120, ఈఐ 30’ లాంటి జోడు రేటింగ్ కూడా వస్తుంది. అది మోసం కాదు. మీ గీత పక్కన రాసిన అవసరానికి సరిపోతుందో లేదో మాత్రం చూడాలి.

4. గాజు రకాలు క్లుప్తంగా

మామూలు టఫెన్డ్ గాజు మంటలో కొద్ది నిమిషాలకే చిన్న ముక్కలై రాలిపోతుంది. టఫెన్డ్ అన్న మాటకు మంటతో సంబంధం లేదు, అది దెబ్బకు సంబంధించినది. పాత భవనాల్లో కనిపించే జాలీ తీగ గాజు మంటలో పగిలినా తీగ పట్టి ఉంచుతుంది, కానీ మనిషి తగిలితే సులువుగా పగిలి కోస్తుంది. సిరామిక్ గాజు వేడికి దాదాపు వ్యాకోచించదు కనుక పగలదు, అయితే వేడిని దాటనిస్తుంది. వేడిని ఆపేవి పొరల గాజులు. రెండు పలకల మధ్య సోడియం సిలికేట్ పొరో, జెల్లో ఉంటుంది. మంట తగలగానే ఆ పొర ఉబ్బి, పాలలా తెల్లబడి, అవతలి దృశ్యాన్నీ వేడినీ ఒకేసారి మూసేస్తుంది.

5. పరీక్ష నివేదిక మొదటి పేజీతో ఆగిపోవద్దు

అమ్మకందారు చూపించేది సాధారణంగా ముద్ర ఉన్న మొదటి పేజీ. మొత్తం నివేదిక అడగండి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్‌ఐ) లాంటి చోట్ల గానీ, గుర్తింపు పొందిన వేరే ప్రయోగశాలలో గానీ చేసిన పరీక్ష కావాలి. భారతీయ ప్రమాణాల్లో (ఐఎస్) గాజు గోడలకు ఐఎస్ 16945, గాజు ఉన్న తలుపులకు ఐఎస్ 16947 ఉన్నాయి. విదేశీ కంపెనీలు యూరప్ ప్రమాణాల నివేదికలు తెస్తాయి. వాటిలో గోడలకు ఈఎన్ 1364, తలుపులకు ఈఎన్ 1634. గోడ నివేదిక చూపించి తలుపు అమ్మబోతే ఒప్పుకోవద్దు. తలుపు వంగుతుంది, సందులు తెరుచుకుంటాయి, దాని పరీక్షే వేరు.

తర్వాత పెన్సిల్ తీసుకుని నాలుగు చోట్ల గీత పెట్టండి. పరీక్షించిన పలక వెడల్పు, ఎత్తు ఎంత? ఫ్రేము ఉక్కా, అల్యూమినియమా, కర్రా, దాని కంపెనీ ఏది? గాజు చుట్టూ వాడిన టేపు, బీడింగు, సిలికాన్ పేర్లేమిటి? ఏ వైపు నుంచి మంట పెట్టారు? పొరల గాజుల్లో కొన్నింటికి రెండు వైపులా ఒకే రేటింగ్ ఉండదు. నివేదికలో ఉన్నది ఉక్కు ఫ్రేము, మీ సైటులో పెట్టేది మామూలు అల్యూమినియం సెక్షన్ అయితే ఆ కాగితానికి విలువ లేదు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. కొలిమి ఆ వేడిని పది నిమిషాల్లోపే దాటుతుంది. అందుకే పరీక్షలో నెగ్గిన అల్యూమినియం ఫ్రేముల లోపల వేడిని ఆపే ప్రత్యేకమైన కూర్పు ఉంటుంది. బయటికి మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఒక సైటులో 120 నిమిషాల ఫైర్ డోర్లు సరిగ్గానే తెచ్చారు. బిగించాక ‘అవతల ఎవరున్నారో కనిపించడం లేదు’ అని ఎవరో అంటే వడ్రంగి మధ్యలో కోసి అద్దం పెట్టాడు. పని నీటుగా ఉంది, బీడింగు కూడా కుదిరింది. ఆ క్షణం నుంచి అది మామూలు తలుపు. తలుపులో అద్దం కావాలంటే అద్దంతో పరీక్షించిన తలుపునే కొనాలి.

6. బరువు, దెబ్బ, ఎండ

గాజు మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు 2.5 కిలోలు తూగుతుంది. గంటసేపు నిలిచే ఈఐ గాజు దాదాపు 25 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, అంటే చదరపు మీటరుకు 55 నుంచి 60 కిలోలు. రెండు గంటలదైతే ఇంకా చాలా బరువు. కింద స్లాబు, తలుపు కీళ్లు, డోర్ క్లోజరు దాన్ని మోయగలవా అని స్ట్రక్చరల్ ఇంజినీరును ముందే అడగండి.

నడిచే దారిలో, తలుపులో ఉన్న గాజు మంటతో పాటు మనిషి ఢీకొన్నా గాయపరచకూడదు. దానికి ఐఎస్ 2553 భద్రతా గాజు గుర్తింపు విడిగా చూడాలి.

ఇక ఎండ. మన ప్రాంతంలో దీన్ని మరిచిపోతే రెండు వేసవుల్లో గాజు లోపల బుడగలు, పసుపు మచ్చలు వస్తాయి. ఉబ్బే పొర ఉన్న గాజులు చాలావాటికి 45, 50 డిగ్రీల దగ్గర వాడకపు పరిమితి ఉంటుంది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో పడమటి ఎండ తగిలే గాజు ఆ వేడిని సులువుగా దాటుతుంది. బయటి వైపు పెట్టాలంటే అతినీలలోహిత కిరణాలను ఆపే పొర ఉన్న రకం, డేటా షీటులో బయటి వాడకానికి పనికొస్తుందని రాసినది తీసుకోండి. సైటులో రేకుల షెడ్డు కింద నిల్వ చేయడం కూడా తప్పే.

7. భవనం ముందరి అద్దాల గోడ

ఇది వేరే లెక్క. పూర్తిగా స్ప్రింక్లర్లు ఉండి, పక్క భవనానికి 9 మీటర్లు, ఆపైన దూరం ఉంటే, మంటకు అంటుకోని ఫ్రేములో టఫెన్డ్ గాజును ఎన్‌బీసీ అనుమతిస్తుంది, గాజుకు 600 మిల్లీమీటర్లలోపు స్ప్రింక్లర్లు ఉండాలి. ప్రతి అంతస్తులో పది మీటర్లకు ఒకటి చొప్పున, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న తెరుచుకునే పలకలు పెట్టాలి. స్లాబుకూ అద్దాల గోడకూ మధ్య సందును స్లాబుకు సమానమైన రేటింగ్ ఉన్న పదార్థంతో మూయాలి. అద్దం ఎంత మంచిదైనా ఈ సందు తెరిచి ఉంటే పొగ అంతస్తు నుంచి అంతస్తుకు పాకిపోతుంది. ఫాల్స్ సీలింగ్ వేశాక ఇది ఎవరికీ కనిపించదు కనుక, వేయకముందే ఫొటోలు తీయించండి.

8. ఆర్డరు, బిగింపు, ఆ తర్వాత

పొరల గాజును సైటులో కోయలేరు, రంధ్రం వేయలేరు. గోడ ప్లాస్టరింగ్ పూర్తయ్యాకే కొలతలు తీయించి ఆర్డరు ఇవ్వండి. సరుకు వచ్చాక ప్రతి పలక మూలలో చెరగని ముద్ర చూడండి: తయారీదారు, ఉత్పత్తి పేరు, రేటింగ్ అక్షరాలతో సహా ఉండాలి. కాగితపు స్టిక్కరు మాత్రమే ఉంటే దించనివ్వకండి. బిగించేటప్పుడు గాజు చుట్టూ వదిలే ఖాళీ, స్క్రూల మధ్య దూరం, కింద పెట్టే ప్యాకింగు నివేదికలో ఉన్నట్టే ఉండాలి. మేస్త్రీ ‘ఇదీ సిలికానే సార్’ అని మామూలు ట్యూబు తీస్తే ఆపండి.

నివేదిక, బిల్లు, ముద్రల ఫొటోలు, బిగించినవారి ధ్రువపత్రం ఒకే ఫైలులో పెట్టి భవన నిర్వాహకుడికి అప్పగించండి. వాటితో పాటు ఒక చీటీ కూడా పెట్టండి: ఏసీ పైపు కోసం ఈ ఫ్రేములకు రంధ్రం చేయరాదు, తలుపు తెరిచి ఉంచడానికి ఇటుక అడ్డం పెట్టరాదు.