సమ్మర్ లా స్కూల్‌లో స్పోర్ట్స్ లా: నాలుగు వారాలు ఎలా వాడుకోవాలి

అమెరికన్ లా స్కూళ్లు వేసవిలో నడిపే స్పోర్ట్స్ లా కోర్సులో చేరాలనుకుంటే, ముందు కాగితం మీద ఒక లెక్క వేసుకోండి. అమెరికన్ బార్ అసోసియేషన్ ప్రమాణం ప్రకారం ఒక్క క్రెడిట్ అంటే క్లాసులో పన్నెండున్నర గంటలు, బయట చదువు 30 గంటలు. రెండు క్రెడిట్ల కోర్సుకి మొత్తం 85 గంటలు. మామూలు సెమిస్టర్‌లో ఇది పదిహేను వారాల మీద పరుచుకుంటుంది. నాలుగు వారాల ప్రోగ్రామ్‌లో అదంతా ఇరవై పని దినాల్లో పట్టాలి. రోజుకి గంటా పదిహేను నిమిషాల క్లాసు, మూడు గంటల చదువు. అలాంటివి రెండు తీసుకుంటే రోజుకి ఎనిమిదిన్నర గంటలు వాటికే పోతాయి. ఒక్కరోజు జ్వరంతో పడుకున్నా కోర్సులో ఇరవయ్యో వంతు పోయినట్టే. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఒక్క కోర్సు చాలు.

డబ్బు కట్టేముందు సిలబస్ అడిగి తెప్పించుకోండి. స్పోర్ట్స్ లా అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు చదువులు నడుస్తుంటాయి. ఒకటి అచ్చంగా అమెరికా వ్యవహారం: యాంటీట్రస్ట్ (వ్యాపారంలో పోటీని అణచే కుమ్మక్కుల మీద చట్టం), ఆటగాళ్ల యూనియన్లు, కాలేజీ క్రీడలు. బేస్‌బాల్‌కి యాంటీట్రస్ట్ చట్టం వర్తించదన్న 1922 నాటి తీర్పుతో మొదలై, కాలేజీ ఆటగాళ్లకిచ్చే చదువు సంబంధమైన సాయానికి పరిమితులు పెట్టడం కుదరదన్న 2021 నాటి ఆల్‌స్టన్ తీర్పు మీదుగా సాగుతుంది. రెండోది అంతర్జాతీయం: క్రీడా వివాదాలు తేల్చే స్విట్జర్లాండ్ లోజాన్‌లోని కోర్ట్ ఆఫ్ ఆర్బిట్రేషన్ ఫర్ స్పోర్ట్ (సీఏఎస్), డోపింగ్, ఫెడరేషన్ల నియమాలు. తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీసు పెట్టేవాళ్లకి రెండోదే అక్కరకొస్తుంది. ఐపీఎల్‌లో యూనియన్‌తో కుదుర్చుకున్న సమష్టి ఒప్పందమే లేదు కాబట్టి, మొదటి దానిలో సగం పాఠాలు మనకి పరాయి ఊరి పంచాయితీలే. అమెరికాలోనే ఎల్ఎల్ఎం చేసి అక్కడే ఉండాలనుకుంటే మాత్రం లెక్క తిరగబడుతుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా. క్రెడిట్లు వచ్చే కోర్సుకి టూరిస్టు వీసా మీద వెళ్లకూడదు, ఎఫ్-1 విద్యార్థి వీసా కావాలి. అంటే సీటు ఇచ్చినట్టు స్కూలు పంపే ఐ-20 పత్రం, విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే సెవిస్‌ ఫీజు 350 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. వేసవి స్లాట్లకి తాకిడి ఎక్కువ, కాబట్టి సీటు రాగానే స్లాటు పట్టుకోండి. ఇక్కడ చదివే ఎల్ఎల్‌బీ విషయంలో రెండు జాగ్రత్తలు. సెమిస్టర్ పరీక్షలు జూన్‌లోకి జరిగితే రెంటికీ చెడతారు. పైగా బార్ కౌన్సిల్ అడిగే 70 శాతం హాజరుకీ, ఇంటర్న్‌షిప్ వారాలకీ (మూడేళ్ల కోర్సుకి 12, ఐదేళ్ల కోర్సుకి 20) ఈ సర్టిఫికెట్ దానంతటది పనికిరాదు. క్రెడిట్లు కలుపుతారా లేదా అన్నది మీ కాలేజీ నుంచి వెళ్లకముందే రాతపూర్వకంగా తీసుకోండి.

వెళ్లేలోపు చదవాల్సినవి

చాలా సీఏఎస్ తీర్పులు దాని వెబ్‌సైట్లోనే ఉచితంగా దొరుకుతాయి. నంబరు చదవడం నేర్చుకోండి. 2014/ఏ/3759 అంటే 2014లో వచ్చిన అప్పీలు, వరుస సంఖ్య 3759. అది స్ప్రింటర్ ద్యుతీ చంద్ కేసు. ఆమె ఒడిశా అమ్మాయి, శిక్షణ పొందింది హైదరాబాద్‌లో. మహిళా అథ్లెట్ల టెస్టోస్టెరాన్ పరిమితి నియమాన్ని 2015 జూలైలో సీఏఎస్ నిలిపేసింది. వివక్ష చూపే నియమం అవసరమేనని నిరూపించాల్సిన భారం ఎవరిదో చెప్పే భాగాన్ని రెండుసార్లు చదవండి. దాని పక్కనే దక్షిణాఫ్రికా రన్నర్ కాస్టర్ సెమెన్యా మీద ఇలాంటి నియమం గురించే వచ్చిన 2019 నాటి తీర్పు పెట్టుకోండి, అక్కడ ఫలితం తిరగబడింది. ఎందుకు తిరగబడిందో ఒక పేజీలో రాయగలిగితే మొదటి వారం క్లాసు మీకు తేలికే.

ఓజీ 24/17 (ఓజీ అంటే ఒలింపిక్ గేమ్స్) పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫొగాట్‌ది. రెండో రోజు తూకంలో 100 గ్రాములు ఎక్కువ వచ్చి ఫైనల్ పోయింది, ఉమ్మడి రజతం కోసం వేసిన దరఖాస్తునీ 2024 ఆగస్టు 14న కొట్టేశారు. ఆ తీర్పు చదివేటప్పుడు కోపం పక్కన పెట్టాలి. రెండో తూకంలో విఫలమైతే పోటీ నుంచి తప్పించి ఆఖరి స్థానంలో పెట్టాలని నియమంలో ఉంది. చిన్న తేడాకి మినహాయింపు ఇచ్చే వీలు అందులో లేదు. లేని వీలుని ఆర్బిట్రేటర్ (తీర్పు చెప్పే మధ్యవర్తి) సృష్టించవచ్చా అన్నదే అక్కడి ప్రశ్న.

ఇలాంటి తీర్పుల్లో చాలామంది నేరుగా మెరిట్స్ భాగానికి, అంటే అసలు వివాదం తేల్చే భాగానికి దూకేస్తారు. మార్కులు జారేది మాత్రం అంతకుముందున్న అధికార పరిధి, గడువు భాగాల్లో. ఫెడరేషన్ నియమాల్లో వేరే గడువు లేకపోతే, సీఏఎస్ కోడ్ (దాని విచారణ నియమాలు) ఆర్49 కింద అప్పీలుకి 21 రోజులు. నిర్ణయం అందిన రోజు లెక్కలోకి రాదు. 2026 జూన్ 2న అందితే లెక్క 3న మొదలై 23తో ముగుస్తుంది. మధ్యలో వచ్చే ఆదివారాలు, సెలవులు అందులో కలిసే ఉంటాయి, ఆఖరి రోజు సెలవైతేనే తర్వాతి పని దినానికి జరుగుతుంది. ఇంతవరకు అందరూ బాగానే చేస్తారు. బోల్తా పడేది ఆర్51 దగ్గర. అప్పీలు బ్రీఫ్‌కి (వాదనలన్నీ వివరంగా రాసిచ్చే పత్రం) ఇంకో పది రోజులున్నాయి కదా, అవి మొదలయ్యేది అప్పీలు గడువు ముగిశాక, మీరు అప్పీలు వేసిన రోజు నుంచి కాదు. జూన్ 10నే అప్పీలు వేసినా బ్రీఫ్‌కి జూలై 3 దాకా టైముంది. జూన్ 20 అని రాసినవాళ్లు క్లయింటుకి దక్కిన పదమూడు రోజులు నీళ్లలో పోసినట్టే.

డోపింగ్ సమస్య ఇచ్చినప్పుడు

దాదాపు ప్రతి పరీక్షలోనూ ఇది ఉంటుంది, దీనికో వరుస ఉంది. ముందు, శాంపిల్ ఎప్పటిదో చూడండి. ప్రపంచ యాంటీ డోపింగ్ ఏజెన్సీ (వాడా) 2021 కోడ్ 2026 చివరిదాకా నడుస్తుంది, 2027 జనవరి 1 నుంచి కొత్త కోడ్. తర్వాత, దొరికిన పదార్థం స్పెసిఫైడ్ జాబితాలోదా (ఆట మెరుగుపడడానికి కాక వేరే కారణంతో వాడి ఉండే అవకాశం ఎక్కువున్నవి) కాదా. కాకపోతే నిషేధం నాలుగేళ్ల దగ్గర మొదలవుతుంది, కావాలని చేయలేదని ఆటగాడే నిరూపించుకోవాలి. జాబితాలోదైతే రెండేళ్ల దగ్గర మొదలవుతుంది, నాలుగేళ్లు కావాలంటే ఉద్దేశపూర్వకమని ఏజెన్సీ నిరూపించాలి. ఇది తేలాకే తప్పు ఎంత, తగ్గింపు ఎంత అన్న చర్చ. విద్యార్థులు 'పాపం, తెలియక వాడాడు' అంటూ తిన్నగా తగ్గింపులోకి దిగిపోతారు. పదార్థం ఒంట్లోకి ఎలా వచ్చిందో ఆధారం చూపకపోతే ఆ తలుపు చాలావరకు తెరుచుకోదు. రెజ్లర్ నర్సింగ్ యాదవ్ 2016లో అక్కడే ఇరుక్కున్నాడు. తను తినే వాటిలో ఎవరో కలిపారన్న వాదనకి మన జాతీయ యాంటీ డోపింగ్ ఏజెన్సీ (నాడా) ప్యానెల్ ఒప్పుకుంది. వాడా అప్పీలుకి వెళ్లింది, రియోలో సీఏఎస్ నాలుగేళ్ల నిషేధం వేసింది.

పేపరు రాయాల్సిన కోర్సైతే మొదటి వారం శుక్రవారానికల్లా అంశం చెప్పేయండి. మూడో వారంలో వెతుక్కుంటే రాసే టైము మిగలదు. బీసీసీఐ రాజ్యాంగం చెప్పే 'రాజ్యం' (ప్రభుత్వ సంస్థ) కిందికి రాదన్న 2005 నాటి జీ టెలిఫిల్మ్స్ తీర్పు మీద ఇప్పటికే బోలెడు వచ్చాయి, అది వదిలేయండి. 2025 జాతీయ క్రీడా పాలన చట్టం తెచ్చిన నేషనల్ స్పోర్ట్స్ ట్రిబ్యునల్ పరిధి ఎక్కడ ఆగి సీఏఎస్ పరిధి ఎక్కడ మొదలవుతుందో రాస్తే కొత్తగా ఉంటుంది. మన ఊరి అంశమే కావాలంటే రమ్మీ ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఆ రెండింటి మధ్య ఒక ఇరవై పేజీల పేపరు ఉంది.