కిడ్నీ గడ్డకు ఎంఆర్‌ఐ: వెళ్లేముందు జాగ్రత్తలు

అల్ట్రాసౌండ్‌లోనో సీటీలోనో కిడ్నీలో గడ్డ కనబడి, అదేమిటో సరిగ్గా తేలనప్పుడు డాక్టర్లు ఎంఆర్‌ఐ రాస్తారు. గడ్డలో కొవ్వు ఉందా, నీటితిత్తి గోడలకు రక్తం అందుతోందా, పక్కనున్న పెద్ద సిరలోకి పాకిందా అన్నవి ఇందులో బాగా తెలుస్తాయి.

ముందు లోహం సంగతి. ఎంఆర్‌ఐ యంత్రంలోని పెద్ద అయస్కాంతం స్కాన్ లేనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, వినికిడి కోసం చెవిలో అమర్చిన కాక్లియర్ ఇంప్లాంట్, ఎప్పుడో వెల్డింగ్ చేస్తూ కంట్లో పడ్డ ఇనుప రజను, ఏదున్నా అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి. ఇంప్లాంట్ కార్డు వెంట ఉంచుకోండి. కొత్త పేస్‌మేకర్లలో చాలావాటితో స్కాన్ చేయొచ్చు, కానీ మోడల్ ఏదో వాళ్లకు తెలియాలి. ఒంటికి అంటించే మందు పట్టీల్లో కొన్నిటికి పలుచని లోహపు రేకు ఉంటుంది, చర్మం కాలే ప్రమాదం ఉంది. పట్టీ సంగతి చాలామందికి గుర్తే రాదు.

గడ్డ కోసమైతే సాధారణంగా గడోలినియం ఇంజెక్షన్ (రక్తం అందే చోట్లు బొమ్మలో స్పష్టంగా కనబడేలా చేసే మందు) ఇస్తారు. అది బయటికి పోయేది కిడ్నీల గుండానే. అందుకే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) రిపోర్టు చూపించండి. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) 30 కంటే తక్కువున్నవాళ్లకు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు పాత రకం మందులతో చర్మం బిగుసుకుపోయే అరుదైన జబ్బు వచ్చేది. ఇప్పటి రకాలతో ఆ ముప్పు చాలా తక్కువే, అయినా ఏది ఇస్తున్నారో అడగండి. గర్భం ఉంటే, ఉందేమోనన్న అనుమానమున్నా తప్పకుండా చెప్పాలి.

నన్నడిగితే అసలు తయారీ ఊపిరిదే. కిడ్నీ శ్వాసతోపాటు పైకీ కిందికీ కదులుతుంది. ఇంజెక్షన్‌కు ముందు తీసిన బొమ్మను తర్వాతి దాన్నుంచి కంప్యూటర్ తీసివేసి చూస్తుంది, గడ్డలోకి మందు చేరిందా అని. ఒకసారి నిండా పీల్చి, ఇంకోసారి సగం పీల్చి ఆపితే రెండు బొమ్మలూ కలవవు. లేని రక్తప్రసారం ఉన్నట్టు కనబడొచ్చు, ఉన్నది కనబడకపోవచ్చు. చాలాచోట్ల ఊపిరి వదిలేశాక ఆపమంటారు, ఎందుకంటే ప్రతిసారీ ఒకేచోట ఆగడం అలా సులువు. ఇంట్లోనే పడుకుని 15–20 సెకన్లు ఆపడం నాలుగైదుసార్లు అలవాటు చేసుకోండి. అంతసేపు ఆపలేకపోతే ముందే చెప్పండి, పద్ధతి మార్చి తీస్తారు.

ఇరుకంటే టెన్షన్ పడేవాళ్లు మత్తు అడుగుతారు. మత్తు ఎక్కువైతే ఊపిరి ఆపమన్న మాట వినబడదు, కాబట్టి ఎంత ఇస్తారో మాట్లాడుకోండి, వెంట ఒకరిని తీసుకెళ్లండి. చప్పుడుకు ఇయర్‌ప్లగ్‌లు ఇస్తారు.

పాత సీటీ, అల్ట్రాసౌండ్ ఫిల్ములూ సీడీలూ మర్చిపోవద్దు. గడ్డ ఎంత పెరిగిందో వాటితో పోల్చాలి. కొన్ని మామూలు గడ్డలు ఎంఆర్‌ఐలోనూ క్యాన్సర్‌లాగే కనబడతాయి. అప్పుడు బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) గురించి డాక్టర్‌ని అడగండి.