బడిలో యానిమేషన్, వీడియో: వెలుగు కొట్టుకోవడం నుంచి ఒత్తులు విడిపోవడం దాకా, ఏ తప్పుకు ఏం చేయాలి

హైస్కూలు పిల్లలు ఒక ఫోను, ఒక స్టాండు, బంకమట్టి బొమ్మలు పెట్టుకుని, 4 నుంచి 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాబ్ కంప్యూటర్ల మీద రెండు నిమిషాల సినిమా తయారుచేసేటప్పుడు ఎదురయ్యే చిక్కులివి. సాఫ్ట్‌వేర్ అంటే ఇక్కడ ఎక్కువగా ఉచితంగా దొరికేవే: బ్లెండర్ (3డీ యానిమేషన్), షాట్‌కట్, కెడెన్‌లైవ్ (వీడియో ఎడిటింగ్), ఆడాసిటీ (ధ్వని), ఇంక్‌స్కేప్ (బొమ్మలు, అక్షరాలు గీయడం). తప్పు కంటపడేది ఎడిటింగ్‌లో. పుట్టేది మాత్రం చాలాసార్లు అంతకు ముందే, లైటు దగ్గరో, ఫోను సెట్టింగులోనో, ఫైలు దాచిన చోటో. అందుకే ఎఫెక్టుల మెనూ తెరిచే ముందు తప్పు ఏ దశలో పుట్టిందో తేల్చుకుంటే సగం పని అయిపోతుంది.

స్టాప్ మోషన్‌లో వెలుగు కొట్టుకుంటోంది

స్టాప్ మోషన్ అంటే బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ ఫోటోలు తీసి, వాటిని వరుసగా వీడియోలా ఆడించడం. ఒక్కో ఫోటో ఒక ఫ్రేము. లక్షణం: విడిగా చూస్తే ఏ ఫోటోకు ఆ ఫోటో బాగానే ఉంటుంది. వరుసగా ఆడిస్తే ఒక ఫ్రేము తెల్లగా, పక్కది మసకగా వస్తుంది.

కారణాలు నాలుగు ఉన్నాయి, రెండు మూడు కలిసి కూడా వస్తాయి. ముందు ఒక పరీక్ష పెట్టండి. బొమ్మను కదపకుండా, అందరూ బల్లకు రెండు మీటర్ల దూరం జరిగి, ఫోను టైమర్‌తో 12 ఫోటోలు తీయండి. సెకనుకు 12 ఫ్రేముల లెక్కన అవి ఒక్క సెకను వీడియో అవుతాయి. దాన్ని లూపులో ఆడించండి.

ఈ పరీక్షలో వెలుగు నిలకడగా ఉంటే కెమెరాను, లైటును అనుమానించక్కర్లేదు. తప్పు బల్ల చుట్టూ ఉన్నవాళ్లది. తెల్ల యూనిఫాం చొక్కా మంచి రిఫ్లెక్టరు. బొమ్మను కదిపిన విద్యార్థి ఒకసారి అడుగు దూరంలో, ఇంకోసారి నాలుగడుగుల దూరంలో నిలబడితే చొక్కా మీద పడ్డ వెలుగు బొమ్మ మీదికి ఒక్కో ఫోటోలో ఒక్కోలా తిరిగొస్తుంది. నేల మీద సుద్దముక్కతో గీత గీసి, ఫోటో తీసే ప్రతిసారీ అందరూ దాని వెనక్కి వెళ్లాలన్న నియమం పెట్టండి. బొమ్మను కదిపేవాళ్లు యూనిఫాం మీద ముదురు రంగు స్వెటరో, నల్ల గుడ్డో వేసుకుంటే ఇంకా మేలు.

పరీక్షలోనే వెలుగు మారుతుంటే ఈ వరుసలో చూడండి.

మొదటి అనుమానం ఆటో ఎక్స్‌పోజర్ మీద, అంటే ఫోను ప్రతి ఫోటోకూ వెలుగును తనే సర్దుకోవడం మీద. కెమెరా యాప్‌లో అన్నీ మనమే సర్దుకునే ప్రో మోడ్‌లోకి వెళ్లి ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 100, ఫోకస్ మాన్యువల్, వైట్ బ్యాలెన్స్ ఒకే అంకె దగ్గర పెట్టండి. తెల్ల ఎల్ఈడీ అయితే 5000 కెల్విన్ దగ్గర మొదలుపెట్టి, తెల్ల కాగితం తెల్లగా కనబడేదాకా సర్దండి. హెచ్‌డీఆర్ ఆపేయండి. ప్రో మోడ్ లేని ఫోన్లలో తెర మీద బొమ్మను నొక్కి పట్టుకుంటే చాలావాటిలో ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ లాక్ అవుతాయి.

రెండోది షట్టర్ వేగం, అంటే ఒక ఫోటోకు వెలుగు అందే సమయం. 1/100 అంటే సెకనులో నూరో వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత ట్యూబ్‌లైటు, చవక ఎల్ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతాయి. షట్టర్ 1/500లో ఉంటే ఒక ఫోటో వెలుగు ఎక్కువున్న క్షణంలో పడుతుంది, మరొకటి తగ్గిన క్షణంలో. 1/100, 1/50, 1/25, 1/10 అయితే పూర్తి చక్రాలు పడతాయి కాబట్టి అన్ని ఫోటోలకూ సమానమైన వెలుగు అందుతుంది. 1/60లో ఒక చక్రం పూర్తయి, రెండోదాంట్లో మూడింట రెండు వంతులే పడుతుంది, తేడా అక్కడే వస్తుంది. స్టాప్ మోషన్‌లో బొమ్మ ఎలాగూ కదలదు కాబట్టి 1/10 పెట్టినా నష్టం లేదు. ఫోనును వేలితో తాకకూడదు, అంతే. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ వాల్యూమ్ బటన్ చాలా ఫోన్లలో షట్టర్‌గా పనిచేస్తుంది. లేదంటే 2 సెకన్ల టైమర్ పెట్టుకోండి.

మూడోది కిటికీ. 120 ఫోటోలు తీస్తే వచ్చేది 10 సెకన్ల సినిమా. ఆ ఫోటోలు తీసేలోగా ఎండ జరుగుతుంది, మబ్బు కమ్ముతుంది. కిటికీని నల్ల చార్టుతో పూర్తిగా మూసి, రెండు ఎల్ఈడీ లైట్లతోనే పని కానివ్వండి. పల్చటి కర్టెన్ చాలదు.

ఇప్పటికే తీసేసిన ఫోటోలైతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో సాధనంలో డీఫ్లికర్ అనే ఫిల్టరు ఉంది. మొత్తం ఫ్రేము వెలుగు మారితే బాగానే సర్దుతుంది. ఒక మూల మాత్రమే మారితే, అంటే చొక్కా నీడ పడితే, దాని వల్ల కాదు. ఆ షాటు మళ్లీ తీసుకోవడమే త్వరగా తేలే పని.

మామూలు వీడియోలో అడ్డంగా నల్ల పట్టీలు జారుతున్నా కారణం ఇదే: షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టాలి. వెబ్‌క్యామ్ సెట్టింగుల్లో పవర్ లైన్ ఫ్రీక్వెన్సీ అని ఉంటుంది, దాన్ని 50కి మార్చండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన వెబ్‌క్యామ్ 60కి పెట్టి ఉండొచ్చు, అక్కడి కరెంటు 60 హెర్ట్జ్ మరి.

ఒక్క ఫ్రేము దగ్గర సీనంతా ఎగిరిపడుతోంది

స్టాండు కదిలింది. ఒకే ఫ్రేము అయితే తీసేయండి, సెకనుకు 12లో ఒకటి పోతే ఎవరికీ తెలియదు. అక్కడి నుంచి చివరిదాకా జరిగిపోయి ఉంటే క్లిప్పును ఆ చోట కోసి, జరిపినప్పుడు అంచున ఖాళీ కనబడకుండా రెండు ముక్కలనూ సమానంగా 103 నుంచి 105 శాతానికి పెంచి, రెండో ముక్క పైన మొదటి ముక్క చివరి ఫ్రేమును 50 శాతం పారదర్శకంగా పెట్టి, గోడ గీతలు కలిసేదాకా జరపండి. మరోసారి రాకుండా స్టాండు కాళ్లను గమ్ టేపుతో నేలకు, బొమ్మల బల్ల కాళ్లను కూడా నేలకు అంటించండి. బల్లను మోకాలితో తగలడమే ఎక్కువసార్లు జరిగేది.

బంతి పడుతోంది గానీ బరువు లేదు

లక్షణం: బంతి కిందికి పడుతున్నట్టుండదు, తాడు కట్టి దించుతున్నట్టుంటుంది. కారణం: ప్రతి ఫ్రేములో సమాన దూరం కదిపారు. పడే వస్తువు సమాన కాలాల్లో 1, 3, 5, 7 నిష్పత్తిలో దూరం పోతుందని 9వ తరగతి భౌతికశాస్త్రం చదివినవాళ్లు లెక్క కట్టగలరు. 16 సెం.మీ. ఎత్తు నుంచి నాలుగు ఫ్రేముల్లో పడాలంటే 1 సెం.మీ., 3, 5, 7. బొమ్మల వెనక స్కేలు నిలబెట్టి కొలిచి, ఫోటోలో పడకుండా దాన్ని పక్కకు జరపండి. నిజానికి 16 సెం.మీ. నుంచి బంతి సెకనులో ఐదో వంతులోపే పడిపోతుంది, అంటే 12 ఫ్రేముల లెక్కన రెండు ఫ్రేములే. నాలుగు ఫ్రేములు ఇస్తే చూసేవాళ్లకు బంతి పెద్దదిగా, ఎత్తు ఎక్కువగా అనిపిస్తుంది. చిన్న బొమ్మల ప్రపంచానికి అదే నప్పుతుంది.

బ్లెండర్‌లో ఇదే జబ్బుకు కారణం వేరు. రెండు కీల (వస్తువు ఎక్కడుండాలో మనం నమోదు చేసిన ఫ్రేముల) మధ్య కదలికను అది తనంతట తానే మెత్తగా చేస్తుంది, దాంతో బంతి నేలను తాకే ముందు నెమ్మదించి దూది మీద వాలినట్టు వాలుతుంది. గ్రాఫ్ ఎడిటర్‌లో నేలను తాకే కీని ఎంచుకుని, వి (V) నొక్కి, వెక్టర్ ఎంచుకోండి. గీత అక్కడ మొనదేలాలి. మనిషి బొమ్మలైతే మొదట అన్ని కీలనూ ఎంచుకుని టి (T) నొక్కి, మధ్యలో కదలిక లేకుండా భంగిమ నుంచి భంగిమకు దూకే కాన్‌స్టంట్‌లో పెట్టి, భంగిమలు, సమయం సరిపోయాయని తేలాకే మెత్తదనం ఇవ్వండి. ముందే మెత్తగా చేస్తే ఏ భంగిమ తప్పో కనబడదు.

పెదాలకూ మాటకూ పొత్తు కుదరడం లేదు

బొమ్మ ముందు చేసి గొంతు తర్వాత రికార్డు చేస్తే ఎంత తంటాలు పడ్డా కుదరదు. గొంతే ముందు. తర్వాత ధ్వని తరంగం చూస్తూ ఏ ఫ్రేములో ఏ అక్షరమో కాగితం మీద రాసుకోండి.

తెలుగుకు ఆరు నోళ్లు చాలు: పెదాలు మూసినది (ప, ఫ, బ, భ, మ), బాగా తెరిచినది (అ, ఆ), పక్కలకు సాగినది (ఇ, ఈ, ఎ, ఏ), గుండ్రనిది (ఉ, ఊ, ఒ, ఓ), పైపళ్లు కింది పెదవి దగ్గరకు వచ్చినది (వ), సగం తెరిచినది (మిగతావన్నీ). ఎక్కువగా జరిగే తప్పు రెండు చోట్ల. 'అమ్మ' అన్నప్పుడు పెదాలు కలవకపోతే మిగతా అంతా సరిగా ఉన్నా కుదరనట్టే కనబడుతుంది, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అక్కడ కనీసం రెండు ఫ్రేములు మూసి ఉంచాలి. రెండోది మాట చివర. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, టప్పున నోరు మూస్తే అచ్చు మింగినట్టుంటుంది. సగం తెరిచిన నోటితో రెండు మూడు ఫ్రేములు నడిపి అప్పుడు మూయండి. అంతా సరిగా ఉన్నా ఏదో తేడాగా అనిపిస్తే నోళ్లన్నీ ధ్వని కన్నా ఒక ఫ్రేము ముందే వచ్చేలా జరిపి చూడండి.

మొదట్లో గొంతు కలిసింది, చివరికి వెనకబడింది

ముందు ఇది ఏ రకమో తేల్చండి. షాటు మొదట్లో కొట్టిన చప్పట్ల దగ్గరా, చివర కొట్టిన చప్పట్ల దగ్గరా బొమ్మకూ శబ్దానికీ తేడా సమానంగా ఉంటే ఆడియో క్లిప్పును జరిపితే చాలు. తేడా పెరుగుతూ పోతే ఎంత జరిపినా ఒక చోటే కలుస్తుంది.

పెరిగే తేడాకు మామూలు కారణం ఫోను. వెలుగు తగ్గినా, ఫోను వేడెక్కినా అది సెకనుకు 30 బదులు 27, 29 ఫ్రేములు తీస్తూ పోతుంది. ఎడిటరు మాత్రం 30 అనే లెక్కిస్తుంది. వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, వీడియో ట్యాబులో ఫ్రేమ్ రేటు 30 ఎంచుకుని, దాని కింద కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ టిక్ పెట్టి మార్చండి. ఎడిటింగ్ మొదలుపెట్టకముందే అన్ని క్లిప్పులకూ ఇది చేయాలి. మధ్యలో మారిస్తే కోతలన్నీ జరిగిపోతాయి.

గది మార్మోగుతుంటే దాన్ని ఇక్కడ చెప్పిన సాఫ్ట్‌వేర్‌తో సరిగా తీయలేం. ఫ్యాను హోరును కొంత తీయగలం: మాట మొదలయ్యే ముందు రెండు సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేసి, ఆడాసిటీలో ఆ ముక్కను నమూనాగా ఇచ్చి, నాయిస్ రిడక్షన్ 6 నుంచి 12 డెసిబెల్ మధ్య పెట్టండి. అంతకు మించితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. అసలు మందు ఫ్యాను ఆపి, దుప్పట్లు వేలాడదీసిన మూలలో, నోటికి 15–20 సెం.మీ. దూరంలో మైకు పెట్టుకోవడం.

తెలుగు టైటిళ్లు పాడయ్యాయి

రెండు వేర్వేరు జబ్బులు ఒకేలా కనబడతాయి. తెలుగు బదులు ఇంగ్లిషు గుర్తులు, చుక్కలు, బ్రాకెట్లు కలగాపులగంగా వస్తే ఆ పాఠ్యం ‘అను’ అనే పాత డీటీపీ ఫాంటులో టైపు చేసినది, అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్ కాదు. ఆహ్వానపత్రికల డీటీపీ సెంటరు నుంచి తెచ్చిన ఫైళ్లలో ఇది మామూలే. కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా ఫోనులో మళ్లీ టైపు చేసుకోవాలి. నాలుగు లైన్ల టైటిలుకు రెండోదే సులువు.

అక్షరాలు తెలుగే గానీ 'విద్యార్థి' కాస్తా 'విద్‌యార్‌థి' అయితే ఫాంటు తప్పు కాదు. ఒత్తులను పేర్చే ఇంజను ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు, లేదా ఆపి ఉంది. 'రాష్ట్రం', 'స్త్రీ' టైపు చేసి చూస్తే వెంటనే తెలిసిపోతుంది. అడోబీ వాళ్ల ఎడిటరు ప్రీమియర్‌లో అయితే ప్రిఫరెన్సెస్, గ్రాఫిక్స్‌లో సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ ఎంచుకోవాలి. ఎక్కడైనా పనిచేసే దారి మాత్రం ఇంక్‌స్కేప్. 1920 × 1080 పేజీ మీద రామభద్ర, మండలి, ఎన్టీఆర్ వంటి యూనికోడ్ ఫాంటుతో టైటిలు రాసి, వెనక రంగు లేకుండా పీఎన్‌జీగా ఎగుమతి చేసి, వీడియో మీది ట్రాకులో పెట్టండి.

ఒక్కో అక్షరం టైపు అవుతున్నట్టు వచ్చే ఎఫెక్టు తెలుగుకు వాడొద్దు. 'స్త్రీ' పూర్తయ్యేలోగా స, స్, స్త అంటూ తెర మీద అక్షరాలు రూపాలు మార్చుకుంటాయి. అదే పీఎన్‌జీ మీద ఎడమ నుంచి కుడికి మాస్కు జరిపితే చేత్తో రాస్తున్నట్టే ఉంటుంది.

బ్లెండర్‌లో రెండర్ (ఫ్రేములను తుది బొమ్మలుగా తీయడం): నలుపు, గులాబీ, మధ్యలో ఆగిపోవడం

అంతా నలుపే అయితే లైటు ఉందా, అవుట్‌లైనర్‌లో దాని పక్కనున్న కెమెరా గుర్తు ఆపి ఉందా చూడండి. ఆ గుర్తు ఆపితే పని చేసేటప్పుడు కనబడేది రెండర్‌లో రాదు. వస్తువులు ముదురు గులాబీ రంగులో వస్తే టెక్స్‌చర్ బొమ్మలు, అంటే వస్తువుల పైపూతగా వాడిన ఫోటోలు, దొరకలేదని అర్థం. బొమ్మలున్న కంప్యూటరులో తెరిచి, ఫైల్ మెనూలో ఎక్స్‌టర్నల్ డేటా, ప్యాక్ రిసోర్సెస్ నొక్కి సేవ్ చేసి తెచ్చుకోండి.

కరెంటు పోయి రెండర్ ఆగితే, నేరుగా ఎంపీ4గా తీస్తున్నవాళ్లకు సాధారణంగా ఏమీ మిగలదు. పీఎన్‌జీ ఫ్రేములుగా తీయండి. అవుట్‌పుట్‌లో ఓవర్‌రైట్ టిక్ తీసేసి, ప్లేస్‌హోల్డర్స్ టిక్ పెడితే మళ్లీ మొదలెట్టినప్పుడు అయిపోయిన ఫ్రేములను వదిలి ముందుకెళ్తుంది. ఆగిన క్షణంలో సగం రాసిన ఖాళీ ఫైలు ఒకటి మిగులుతుంది, సున్నా సైజున్న ఆ ఫైలును ముందు చెరపండి. లేదంటే అక్కడ ఒక ఫ్రేము మాయమవుతుంది.

సమయం ముందే లెక్కేయండి. ఒక ఫ్రేముకు 2 నిమిషాలైతే 250 ఫ్రేములకు 8 గంటల 20 నిమిషాలు. ఇది బడి వేళల్లో పూర్తికాదు. నాణ్యంగా, నెమ్మదిగా తీసే సైకిల్స్ అనే రెండర్ ఇంజనులో శాంపిల్స్ 4096 ఉంటే 128కి దించి, డీనాయిజ్ టిక్ పెట్టండి. ఇంకా ఆలస్యమైతే వేగంగా తీసే ఈవీ (Eevee) ఇంజనుకు మారండి.

వేరే కంప్యూటరులో తెరిస్తే క్లిప్పులు లేవు

ప్రాజెక్టు ఫైలులో వీడియోలు ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి. పెన్‌డ్రైవు మొన్న E: డ్రైవుగా, నేడు F: డ్రైవుగా కనబడితే చిరునామా తప్పుతుంది. ప్రాజెక్టు, వీడియోలు, గొంతులు, టైటిళ్లు ఒకే ఫోల్డరులో పెట్టి, ఫోల్డరునంతా హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకుని అక్కడ పనిచేయండి. పెద్ద ఫైలు పెన్‌డ్రైవులోకి ఎక్కనంటే అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉండొచ్చు, అందులో 4 జీబీ మించిన ఫైలు పట్టదు. ఉన్నవన్నీ వేరేచోట దాచి, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి.

తరగతి గది ప్యానెల్ మీద ఆడటం లేదు, లేదా ఒక పక్కే వినిపిస్తోంది

శబ్దం వచ్చి బొమ్మ రాకపోతే వీడియో హెచ్.265లో, అంటే కొన్ని ప్యానెళ్లు చదవలేని కుదింపు పద్ధతిలో, ఉందేమో చూడండి. హెచ్.264, ఏఏసీ ఆడియో, 1080, సెకనుకు 10 మెగాబిట్లతో మళ్లీ ఎగుమతి చేస్తే రెండు నిమిషాలకు 150 ఎంబీ దాకా వస్తుంది. పెన్‌డ్రైవులోనే తీసుకెళ్లండి. వాట్సాప్‌లో పంపక తప్పకపోతే వీడియోగా కాక డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే కుదించేస్తుంది.

ఒక పక్క స్పీకరే మోగుతుంటే కాలర్ మైకు ఒకే చానెల్‌లో రికార్డు చేసిందన్నమాట. ల్యాబ్‌లో హెడ్‌ఫోన్ లేకుండా విన్నప్పుడు ఇది తెలియదు. షాట్‌కట్‌లో ఆ క్లిప్పుకు కాపీ చానెల్ ఫిల్టరు వేసి, శబ్దం ఎడమ పక్క ఉంటే ఎడమ నుంచి కుడికి అని, కుడి పక్క ఉంటే కుడి నుంచి ఎడమకు అని ఎంచుకుంటే రెండు పక్కలా వస్తుంది.