గుండ్రని లోకం, చదరపు పటం – 4వ భాగం: ధ్రువం దాటే అడుగు

గత భాగంలో మన కంప్యూటర్ ఆటలోని ప్రపంచ పటం కుడి అంచును ఎడమ అంచుతో కలిపాము కాబట్టి, తూర్పుకు నడిచిపోయిన ఆటగాడు ఇప్పుడు పడమటి నుంచి తిరిగి వస్తున్నాడు. పై అంచునూ కింది అంచునూ అలాగే కలిపేస్తే పని అయిపోతుందని అనిపిస్తుంది, కానీ అప్పుడు మిగిలేది గోళం కాదు, నడుమ చిల్లున్న వడ ఆకారం.

మన పటంలో నిలువు వరుసలు 360, అడ్డ వరుసలు 180; ఒక్కో గడి ఒక డిగ్రీ. లెక్క వాయవ్య మూలలో, అంటే 180 డిగ్రీల పడమటి రేఖాంశం ఉత్తర ధ్రువాన్ని తాకే చోట, సున్నా నుంచి మొదలవుతుంది. కర్నూలు దాదాపు 15.83 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.04 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది కాబట్టి నిలువు వరుస 258లో, అడ్డ వరుస 74లో పడుతుంది. అక్కడి నుంచి ఉత్తరానికే నడిచిన ఆటగాడు, వడ పటంలో పై అంచు దాటగానే అంటార్కిటికాలో తేలుతాడు. నిజమైన భూమి మీదైతే ధ్రువం దాటి, ఎటూ మలగకుండానే దక్షిణానికి దిగుతూ కెనడా, అమెరికాల మీదుగా మెక్సికో చేరుతాడు.

అందుకని అడ్డ వరుస −1 అయినప్పుడు దాన్ని సున్నా చేసి, నిలువు వరుసకు 180 కలిపి, 360తో భాగించగా వచ్చే శేషాన్ని తీసుకోవాలి: 258, 180 కలిస్తే 438, శేషం 78. దీనితోపాటు ఆటగాడి దిశను కూడా ఉత్తరం నుంచి దక్షిణానికి మార్చి తీరాలి. మార్చకపోతే మరుసటి అడుగులో అతడు మళ్ళీ పై అంచే దాటి, ఆ రెండు గడుల మధ్యే అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోతాడు.

ఇక దూరాల సంగతి. గోళాన్ని వక్రీకరణ లేకుండా చదును చేయడం అసాధ్యమని గణిత శాస్త్రవేత్త గాస్ 1827లోనే నిరూపించాడు. ఆ వక్రీకరణ మన పటంలో ధ్రువాల దగ్గర పోగుపడుతుంది. వరుస మధ్య అక్షాంశపు కొసైన్‌తో 360ని గుణిస్తే ఆ వరుసకు న్యాయంగా దక్కవలసిన గడులు తెలుస్తాయి: కర్నూలు వరుసకు 347, అన్నిటికంటే పై వరుసకు మూడే. కాబట్టి అడ్డంగా వేసే ప్రతి అడుగు ఖర్చునూ అదే కొసైన్‌తో గుణించండి.

ధ్రువాల దగ్గర మంచుగోడ కట్టి దారి మూసేయడం చిన్న ఆటకు సరిపోవచ్చు గానీ, విమానాలున్న ఆటకు అది తగదని నా గట్టి అభిప్రాయం. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగానే వచ్చింది.

కింది అంచు సూత్రాన్ని మీరే రాసి, నిలువు వరుస 257లో ఉన్న అనంతపురం నుంచి ఆటగాణ్ణి దక్షిణానికి నడిపించండి. ధ్రువం దాటగానే అతడు నిలువు వరుస 77లో, ఉత్తర దిశగా కనిపించాలి.