బరిలోకి దింపే ముందు: స్ప్లింటర్‌లాండ్స్ ఆడే పద్ధతి

మా చెరువులు పశ్చిమ గోదావరి జిల్లా కాళ్ళ మండలంలో ఉన్నాయి. వనామి రొయ్య వేస్తాం. అర్ధరాత్రి దాటాక తెల్లారేదాకా నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరియేటర్లు ఆగకుండా తిరగాలి, కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యడానికి ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. నాలుగేళ్లుగా ఆ కాపలా నాది. స్ప్లింటర్‌లాండ్స్ అనే ఆన్‌లైన్ కార్డుల ఆట నేను ఆ రాత్రుల్లోనే నేర్చుకున్నాను. ఈ మధ్య మా చిన్నాన్న కొడుకు "అన్నయ్యా, నాకూ నేర్పు" అని వెంటపడుతున్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

కార్డుల ఆట అంటే మా వైపు అందరికీ పేకాటే గుర్తొస్తుంది. మా అమ్మ కూడా అదే అనుకుని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇది పేక కాదు. పోలిక చెప్పాలంటే కోడిపందెం దగ్గరగా ఉంటుంది. మా తాతయ్యకి కుక్కుట శాస్త్రం బాగా తెలుసు. ఆ రోజు ఏ వారం, అది ఏ రంగు పుంజుది, ఏ దిక్కు నుంచి వదలాలి, డేగ రంగు పుంజు ముందు కాకి రంగుది నిలుస్తుందా, నెమలి ముందు పింగళి నిలుస్తుందా అని గంటలు గంటలు చూసేవాడు. పుంజుని బరిలోకి వదిలాక మాత్రం చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఇక ఆయన చెయ్యగలిగింది ఏమీ లేదు కదా. ఈ ఆటా అంతే. జట్టుని పంపాక పోరు దానంతట అదే జరుగుతుంది. మధ్యలో మనం ఒక్క కార్డు కూడా కదపలేం. మన తెలివంతా అంతకు ముందు దొరికే కొద్ది నిమిషాల్లోనే చూపించాలి.

ఈ ఆట 2018లో స్టీమ్ మాన్‌స్టర్స్ అనే పేరుతో మొదలైంది. తర్వాత పేరు మారింది, 2020లో హైవ్ అనే బ్లాక్‌చెయిన్ మీదకి వచ్చింది. బ్లాక్‌చెయిన్ అంటే అందరూ చూడగలిగే, ఎవరూ చెరపలేని ఉమ్మడి లెక్కల పుస్తకం లాంటిది. కార్డులు మన హైవ్ ఖాతా పేరు మీద ఉంటాయి, అంటే వాటిని అమ్ముకోవచ్చు, అద్దెకివ్వచ్చు, ఇంకొకరికి ఊరికే ఇవ్వచ్చు. హైవ్‌లో ప్రతి లావాదేవీకి ఫీజు ఉండదు. 3 సెకన్లకొక బ్లాక్ చొప్పున అన్నీ నమోదైపోతుంటాయి. ఇలా అందరికీ కనబడే చోట ఆడుతుంటే అవతలివాడు మన జట్టుని ముందే చూసేస్తాడేమో అని నాకు చాలా రోజులు అనుమానం ఉండేది. అలా జరగదు. మన జట్టు మొదట ఒక సంకేత రూపంలో వెళ్తుంది, సీలు వేసిన కవరు అనుకోండి. ఇద్దరివీ చేరాకే రెండు కవర్లూ తెరుచుకుంటాయి.

ఆట కంటే ముందు కీల గురించి, అంటే ఖాతా తెరిచే రహస్య పాస్‌వర్డ్‌ల గురించి తెలుసుకోండి. హైవ్ ఖాతాకి ఓనర్, యాక్టివ్, పోస్టింగ్, మెమో అని నాలుగు రకాల కీలు ఉంటాయి. పోరాడటానికి పోస్టింగ్ కీ చాలు. కార్డులు, టోకెన్లు (ఆటలోని డిజిటల్ నాణేలు) కదపాలంటే యాక్టివ్ కీ కావాలి. మొదటి ఏడాది, కార్డులు అద్దెకి పెట్టి పెడతామన్న ఒక వెబ్‌సైట్‌లో నేను యాక్టివ్ కీ ఇచ్చేశాను. పొద్దున్న మేత వేసి వచ్చి చూసేసరికి 11 కార్డులు ఎవరిదో ఖాతాలో ఉన్నాయి. ఎవరికి చెప్పినా వెనక్కి రావు. బ్లాక్‌చెయిన్‌లో నమోదైన బదిలీని రద్దు చేసే అధికారి అంటూ ఎవరూ ఉండరు. ఆ వారమంతా నిద్ర పట్టలేదు. అందుకే మా తమ్ముడి చేత మొదటి రోజే నాలుగు కీలూ కాగితం మీద రాయించి, బీరువాలో పెట్టించాను. ఫోన్‌లో పోస్టింగ్ కీ ఒక్కటే ఉంచుకోండి.

ఇక పోరు సంగతి. ప్రత్యర్థి దొరకగానే తెర మీద మూడు విషయాలు కనిపిస్తాయి: మానా (జట్టు మీద ఖర్చు పెట్టగల పాయింట్లు) ఎంత, నియమాలు ఏవి, ఏ వర్గాల కార్డులు వాడొచ్చు. వర్గాలంటే అగ్ని, నీరు, భూమి, ప్రాణం, మృత్యువు, డ్రాగన్. ఏ వర్గంలోనైనా ఇమిడిపోయే న్యూట్రల్ కార్డులు వీటికి అదనం. ఒక సమ్మనర్‌ని, అంటే జట్టు నాయకుడిని, అతని వెనక పోరాడే ఆరుగురి దాకా మాన్‌స్టర్లని పెట్టొచ్చు. అందరి ఖర్చూ కలిపి మానా దాటకూడదు. కొత్తవాళ్లు మానా అంకె చూడగానే బలమైన కార్డులు ఏరడం మొదలుపెడతారు. అలా చెయ్యకండి. ముందు నియమం చదవండి. మా తాతయ్య వారం చూడకుండా పుంజుని ముట్టుకునేవాడు కాదు.

ఉదాహరణకి రివర్స్ స్పీడ్ అని వచ్చిందనుకోండి, నెమ్మదిగా ఉండేవి ముందు కొడతాయి, వేగం ఉన్న కార్డులకి ఆ ఆటలో విలువ పోతుంది. బ్యాక్ టు బేసిక్స్ వస్తే మాన్‌స్టర్ల ప్రత్యేక శక్తులన్నీ తీసేస్తారు, కాబట్టి శక్తుల కోసం ఎక్కువ మానా ఖర్చయ్యే కార్డు దండగ. వీక్ మ్యాజిక్‌లో మామూలుగా కవచాన్ని దాటిపోయే మంత్రం దెబ్బ కూడా ముందు కవచానికే తగులుతుంది. లిటిల్ లీగ్‌లో 4 మానా, అంతకంటే తక్కువ ఖర్చయ్యేవే పనికొస్తాయి.

తర్వాత వరస. నన్నడిగితే ఆటలో సగం ఇక్కడే ఉంది. దెబ్బలు మూడు రకాలు. మెలీ అంటే చేతి దెబ్బ, మామూలుగా మొదటి స్థానంలో ఉన్నవాడే కొట్టగలడు. రీచ్ ఉంటే రెండో స్థానం నుంచి కూడా కొడతాడు. రేంజ్‌డ్ అంటే దూరం నుంచి విసిరేది, మొదటి స్థానంలో పెడితే కొట్టలేదు. మ్యాజిక్ ఎక్కడి నుంచైనా కొడుతుంది, కవచాన్ని పట్టించుకోకుండా నేరుగా ప్రాణం మీద పడుతుంది. అందుకని ముందు గట్టివాడిని నిలబెట్టి, వెనక విసిరేవాళ్లనీ మంత్రంవాళ్లనీ పెడతాం. ఇక్కడిదాకా అందరూ చేస్తారు. చాలామంది మర్చిపోయేది చివరి స్థానం. స్నీక్ ఉన్నవాడు మన చివరివాడినే వెతుక్కుంటూ వస్తాడు. స్నైప్ ఉన్నవాడు మధ్యలో ఉన్న విసిరేవాళ్ల మీదా మంత్రంవాళ్ల మీదా పడతాడు. ఆపర్చునిటీ ఉన్నవాడు ఎవరికి ప్రాణం తక్కువుంటే వాళ్లని పట్టుకుంటాడు. మీకు అవసరమైన కార్డు ఈ ముగ్గురిలో ఎవరికి దొరుకుతుందో చూసుకుని వరస మార్చండి.

చివరి స్థానానికి నాకిష్టమైన కార్డు ఫ్యూరియస్ చికెన్. కోడే. ఖర్చు 0 మానా. వెనక నుంచి వచ్చే దెబ్బ ఒకటి అది తీసుకుంటే, దాని ముందున్న అసలు కార్డుకి ఇంకో రౌండ్ దొరుకుతుంది. గోదావరి జిల్లాల వాళ్లం, కోడిని ఊరికే వదులుకోం కదా.

వేగం గురించి ఒక లెక్క గుర్తుంచుకోండి. వేగంలో తేడా ఒక్కో అంకెకి 10 శాతం చొప్పున మెలీ, రేంజ్‌డ్ దెబ్బలు తప్పిపోతాయి. మనవాడి వేగం 5, కొట్టేవాడిది 2 అయితే 30 శాతం అన్నమాట. మంత్రం మామూలుగా తప్పదు.

ప్రత్యర్థి ఇటీవల ఆడిన జట్లు కూడా అక్కడే కనిపిస్తాయి. తప్పకుండా చూడండి. మొన్న ఒకడు వరసగా మాల్‌రిక్ ఇన్ఫెర్నోనే దింపుతున్నాడు. ఆ అగ్ని సమ్మనర్ తన జట్టు మెలీ దెబ్బని 1 పెంచుతాడు. ఆ రోజు నియమం సూపర్ స్నీక్, అంటే మెలీ వాళ్లందరికీ స్నీక్ వచ్చేస్తుంది. వాళ్లంతా నా చివరివాడి మీదే పడతారని అర్థమైంది. మృత్యువు వర్గం నుంచి జింటార్ మోర్టాలిస్‌ని తీసుకున్నాను. అతను అవతలివాళ్ల మెలీ దెబ్బని 1 తగ్గిస్తాడు, అంటే వాడు పెంచింది కాస్తా కొట్టుకుపోయింది. ఎక్కువ కవచం ఉన్నవాడిని మొదట కాకుండా చివర పెట్టి, మధ్యంతా మంత్రంవాళ్లతో నింపాను. నాలుగో రౌండ్‌కి వాడి వైపు ఒక్కడే మిగిలాడు. ఇవి పాత కార్డులు కాబట్టి వైల్డ్ విభాగంలోనే ఆడాలి. మోడర్న్‌లో కొత్త సెట్లే చెల్లుతాయి.

సిగ్నల్ సరిగా లేని చోట ఆడేవాళ్లు చివరి క్షణం దాకా ఆలోచించకండి. గడువులోపు జట్టు చేరకపోతే ఓడినట్టే. చెరువు గట్టు మీద నాకు అలా చాలా ఆటలు పోయాయి. ఇప్పుడు షెడ్డు పక్కన కొబ్బరిచెట్టు దగ్గర నిలబడి పంపుతున్నాను.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. 2021లో ఈ కార్డుల ధరలు బాగా ఎగిరాయి, 2022లో పడిపోయాయి. సంపాదిద్దామని మాత్రం రాకండి. మన దేశంలో ఇలాంటి డిజిటల్ ఆస్తుల లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను ఉంది, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ అదే ఏడాది జులై నుంచి ఉంది. ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేసుకోనివ్వరు. పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని ఆంధ్రప్రదేశ్‌ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన నిషేధ చట్టంలో పందెం అంటే నోట్లే కాదు, కాయిన్లు, టోకెన్లు కూడా వస్తాయి. అందుకే ఎంట్రీ ఫీజు ఉన్న టోర్నమెంట్ల జోలికి నేను వెళ్లను, కొత్తగా డబ్బు పెట్టడమూ మానేశాను. మా తమ్ముడి చేత కూడా ఆటవాళ్లు ఊరికే ఇచ్చే కార్డులతోనే సాధన చేయిస్తున్నాను.

ఓడిన ప్రతి ఆటనీ రీప్లే పెట్టి చూడండి. గెలిచినవి అక్కర్లేదు. మీ వైపు ముందు పోయింది ఎవరు, ఎవరి దెబ్బకి పోయారు అన్నది చూస్తే చాలు. నేను మేత లెక్కలు రాసుకునే నోటుబుక్కు వెనక పేజీల్లో ఒక్కో నియమానికి ఒక్కో పేజీ పెట్టుకున్నాను. ఓడినప్పుడల్లా ఆ పేజీలో ఒక వాక్యం చేరుతుంది. సూపర్ స్నీక్ పేజీ ఎప్పుడో నిండిపోయింది. ఎర్త్‌క్వేక్‌లో ప్రతి రౌండ్ చివరా నేల మీద ఉన్నవాళ్లందరికీ దెబ్బ తగులుతుంది. ఆ పేజీలో మాత్రం ఇప్పటికీ ఒక్క వాక్యమే ఉంది: ఎగిరేవాళ్లని బరిలోకి దింపు.